ఒండు లేచిన ఓడ

ఎర్ర సముద్రం వెళ్దామన్న మాట మా మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్‌లో పుట్టింది. వారమంతా ఒక బోటులోనే తిండి, పడక. పగలు నీళ్లలోకి దిగి, ఎప్పుడో మునిగిపోయిన ఓడల్ని చూడటం. టీమ్‌లో అరడజను మందిమి సరేనన్నాం. నల్లగండ్లలో ఒక స్విమ్మింగ్ పూల్‌లో శని, ఆదివారాలు వీపున సిలిండర్ కట్టుకుని నేర్చుకున్నాం. అండమాన్ వెళ్లి పరీక్ష పాసయ్యాం.

నీళ్లలో ఇద్దరిద్దరు జోడీగా ఉండాలి. నా జోడీ మా టెస్టింగ్ లీడ్. వరంగల్ అవతలి పల్లె ఆమెది. చిన్నప్పుడే వ్యవసాయ బావిలో దూకి ఈత నేర్చుకుందట. నేనేమో కాకినాడలో సముద్రం పక్కనే పెరిగి, ఉద్యోగంలో చేరాక గానీ ఈత నేర్వనివాణ్ణి.

ఎర్ర సముద్రం చేరాక ఒక రోజు దిగింది పక్కకి ఒరిగి పడున్న ఒక సరుకుల ఓడ మీదికి. "లోపల కాళ్లు గట్టిగా ఆడించొద్దు. అడుగున ఒండు పేరుకుని ఉంది, లేచిందంటే ఏమీ కనపడదు" అని గైడ్ దిగే ముందే చెప్పాడు. అతను ముందు, మిగతావాళ్లు వెనక, మేమిద్దరం చివర. సరుకు గదిలో ఒక పక్క నుంచి దూరి, అవతల నీలంగా వెలుగు కనిపిస్తున్న కంతలోంచి బయటపడాలి.

సగం దూరం వెళ్లామో లేదో, ముందున్న వాళ్లెవరి కాలో అడుగుకి తగిలింది. ఒండు పొగలా లేచింది. చూస్తుండగానే వెలుగు పోయింది. టార్చ్ వేస్తే ఎదురుగా గోధుమరంగు గోడ ఉన్నట్టుంది. చెయ్యి చాపాను. ఆమె చెయ్యి దొరికింది. ముందుకి లాగితే రాలేదు.

మొహంలో మొహం పెట్టి చూశాను. అద్దం వెనక కళ్లు ఇంతింతలు చేసుకుని, తల వెనక్కి చూపిస్తోంది. పైనుంచి వేలాడుతున్న ఇనుప తీగేదో సిలిండర్‌కి తగులుకుంది. ఆమె గుంజుకున్న కొద్దీ ఇంకా బిగుసుకుంటోంది. బుడగలు ఆగకుండా వస్తున్నాయి. ఆమె గాలి మీటరు చూశాను. ముల్లు ఎర్రగీత వైపు దిగుతోంది.

తీగ విడిపించాలంటే నేను ఆమె వెనక్కి వెళ్లాలి. ఆమె చెయ్యి వదలడం లేదు. వదిలితే నేను తనని అక్కడే ఉంచి పోతానని భయం. అక్కడ మాటల్లేవు కదా, నచ్చజెప్పడమెలా? ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిని నా చీలమండకి చుట్టాను. అర్థమైంది. ఉడుం పట్టు పట్టింది. నేను ఆమె మీదుగా తేలి, చీకట్లో తడుముకుంటూ తీగని అటూ ఇటూ తిప్పాను. జారింది. మళ్లీ దొరికింది. వంచి పైకెత్తాను. ఒక్కసారిగా ఆమె కదిలింది.

ఎక్కడో గైడ్ తన సిలిండర్ మీద కొడుతూ మమ్మల్ని పిలుస్తున్నాడు. నీళ్లలో శబ్దం అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే ఉంటుంది. ఎటు వెళ్లాలో తెలియలేదు. నా సిలిండర్‌కున్న రెండో గాలి గొట్టం ఆమె నోటికందించి, గోడ తడుముకుంటూ కదిలాను. ఇటు కాకపోతే? అన్న ఆలోచన ఒకటి వెంట వస్తూనే ఉంది. కాసేపటికి గోధుమరంగు పలచబడింది. గైడ్ చెయ్యి నా భుజం పట్టుకుని బయటికి లాగింది.

తాడు పట్టుకుని పైకి వస్తూ, ఇంకాస్తలో తేలతామనగా కాసేపు ఆగాలి. ఒంట్లోకెక్కిన గ్యాస్ మెల్లగా దిగాలి కదా. నెత్తిమీద ఎండ కనిపిస్తోంది, ఒకే సిలిండర్‌తో ఇద్దరం పీలుస్తున్నాం. అంత కష్టమైన ఎదురుచూపు నేనెరగను.

బోటెక్కాక ఆమె నా కాలు చూసి నోరు నొక్కుకుంది. చీలమండ చుట్టూ గోళ్లు దిగబడి రక్తం కారుతోంది.

"గిట్ల పట్టుకున్ననా అన్నా?"

"పట్టుకోబట్టే నీ చెయ్యి విడిపించుకుని నీ వెనక్కి రాగలిగాను" అన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమే అందరికన్నా ముందు సూట్ వేసుకుంది. నేనూ వేసుకున్నాను. బోటు అంచున కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకున్నాను. అంతే, ఛాతీ బిగుసుకుపోయింది. ఎంత పీల్చినా ఊపిరి అందడం లేదు. నిన్న లోపల లేని భయం ఇవాళ ఎండలో ఎక్కడినుంచి వచ్చిందో. గొట్టం తీసేశాను.

ఆమె నా సిలిండర్ పట్టీ తనే విప్పింది.

"జర కూసో అన్నా. ఫికర్ చెయ్యకు. ఇయాల ఓడ లోపలికి పోము, పైపైనే చూస్తం. గైడ్‌తోని పోయొస్త."

దూకేసింది. నేను రెయిలింగ్ పట్టుకుని ఆ బుడగలే చూస్తూ నిలబడ్డాను. ఎవరో టీ తెచ్చిచ్చారు, తాగలేదు. బుడగలు ఒకచోట ఆగితే నా గుండె ఆగేది. చివరికి నల్లటి తల ఒకటి నీళ్లపైకి వచ్చింది. చెయ్యెత్తి ఊపింది.

"తాబేలు చూసినం అన్నా!" అని అక్కడినుంచే కేకేసింది.

నేను మళ్లీ సముద్రంలోకి దిగలేదు. ఆమె ఇప్పుడు కొత్త గుంపుని తయారుచేస్తోంది. మొన్న లిఫ్ట్‌లో కనిపించి, "వస్తవా అన్నా?" అంది. బోటు దాకా వస్తానన్నాను.