లాగితే ఊడిరాని గడ్డి

మా ఆయన సినిమా షూటింగులకు చెట్లు పెట్టేవాడు. పెట్టడమంటే నాటడం కాదు. కొమ్మలు నరికి తెచ్చి నేలలో గుచ్చడం, ఎండిన గడ్డికి పచ్చరంగు కొట్టడం. గుచ్చిన ప్రతి కొమ్మనూ ఒకసారి లాగి చూసేవాడు. "షాటు అయ్యేదాకా నిలబడితే చాలే, కాయలు కాయాలా ఏంటి" అనేవాడు. కొమ్మలు అందించడానికి నేనూ వెళ్ళేదాన్ని. ఆ లాగి చూడడం నా చేతికీ అంటుకుంది.

ఏదో సెట్టు విప్పేసినప్పుడు ఆయన అడిగి తెచ్చుకున్న చేపల తొట్టె ఒకటుంది. ఫిల్మ్‌నగర్ బస్తీలో మా ఇంటికి వెలుతురొచ్చే కిటికీ ఒకటే. దాని కింద బల్ల, బల్ల మీద ఆ తొట్టె. ఆయన పోయాక అందులో ప్లాస్టిక్ ఆకులే మిగిలాయి. ఈమధ్య కోడలు కుట్టుమిషను కొనుక్కుంది. జాకెట్లు కుట్టాలంటే ఆ బల్లే కావాలి.

"ఖాళీ డబ్బాకు గంత జాగా ఎందుకత్తమ్మా? తీసేద్దాం" అంది.

ఆమె తప్పేం లేదు. నాకే ప్రాణం ఒప్పలేదు. "అందులో ఏదైనా బతికితే ఉంచుతావా?" అన్నాను.

"బతికితే ఉంచుత. మల్ల ప్లాస్టిక్‌ది పెట్టి బతికిందంటే ఊకోను."

ఎర్రగడ్డలో రంగుచేపల దుకాణానికి పోయి, చావని మొక్క ఇవ్వమన్నాను.

"గీ పొట్టి గడ్డి తీస్కపో అమ్మా, తొట్టి ముంగట నాటాలె. నువ్వు చంపుదామన్నా సావది" అన్నాడు కొట్టతను. వేళ్ళే ఇసుకలోకి పోవాలి, మొదలు పూడిపోకూడదు అన్నాడు. పైన లైటు కూడా పెట్టమన్నాడు.

నాటాను, లైటూ పెట్టాను. మర్నాడు లేస్తూనే చెయ్యి పెట్టి లాగి చూశాను. ఊడొచ్చింది. మళ్ళీ గుచ్చాను. ఆ మర్నాడూ అంతే. గడ్డి పాత ఆకులు కుళ్ళి పైకి తేలాయి. చావని మొక్క కూడా నా చేతిలో చస్తోందే అని బెంగపడ్డాను. ఓ పొద్దున టీ తెచ్చిన కోడలు నా తడి మోచెయ్యి చూసింది.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?"

"పట్టుందో లేదో చూస్తున్నానే."

"రోజూ పీకి చూస్తే ఏడ పట్టుకుంటది? గిది షూటింగ్ అనుకున్నవా?"

నవ్వొచ్చింది. నిజమే కదా, ఆయన కొమ్మలు ఎటూ సాయంత్రానికి వాడిపోయేవే.

ఇక పొద్దున్నే చెయ్యి కొంగులో చుట్టుకుని తొట్టె ముందు కూర్చునేదాన్ని. కోడలు తొందరపెట్టలేదు గానీ, తలుపు వెనక దుప్పటి కప్పిన మిషను వైపు చూసి, తొట్టె వైపు చూసి పోయేది.

ఒకరోజు అద్దానికి ఆనుకుని, ఇసుకలో తెల్లటి దారంలాంటి తీగ కనబడింది. దాని కొసన గోరంత పచ్చటి పిలక. నేను నాటింది కాదు, అదే వేసుకుంది. కోడల్ని కేకేశాను. ఆమె వంగి చూసింది. గాజులు పైకి తోసుకుని నీళ్ళలో చెయ్యి పెట్టింది.

"లాగొద్దన్నది నువ్వేగా!"

"జర ఆగు అత్తమ్మా. మాట తీస్కున్నది నువ్వు, సూడాల్సింది నేను."

నేను నాటిన గడ్డినే రెండు వేళ్ళతో పట్టి లాగింది. ఇసుక కదిలింది. గడ్డి రాలేదు.

"పట్టుకున్నది" అంది, చెయ్యి నా కొంగుకే తుడుచుకుంటూ.

సగం నీళ్ళు తోడేసి, ఇద్దరం తొట్టెను బల్ల చివరికి జరిపాం. పక్కన మిషను పట్టింది. తొట్టె లైటు సూది మీద పడుతుందని ఇప్పుడు పొద్దుగూకాక కూడా కుడుతోంది. అన్నీ జూబ్లీహిల్స్ ఇళ్ళ జాకెట్లే.

ముందువైపంతా గడ్డి పరుచుకుంది. మొన్న రెండు చేపలు తెచ్చి వదిలాను. అవి వచ్చినప్పట్నుంచీ గడ్డిని మూతులతో పట్టి లాగి చూస్తున్నాయి. లాగనీ.