పొడుగు మెడవన్నీ అక్కవే

మా అక్క పోయింది. శుక్రవారం పొద్దున బావ మెట్లెక్కి వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో తడి గుడ్డ ఉంది. రోజూ దానితోనే ఆమె ముఖం తుడిచేవాడు.

"అక్క లేస్తలేదమ్మా. జర నువ్వొచ్చి పిలువు" అన్నాడు.

నేను పిలిస్తే లేస్తుందని అతను నిజంగానే అనుకున్నాడు. కిందికి దిగి పిలిచాను. చాలాసేపు పిలిచాను.

ఆమె నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. బావ నా భర్తకు అన్న. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో ఒకే ఇంట్లో కింద వాళ్లు, పైన మేము ఉంటాం. అక్క ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేది. నేను కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే స్టవ్ మీద పాలు పొంగించి, అత్తమ్మ ఏమంటుందోనని వణుకుతూ నిలబడితే, అక్క గుడ్డ తెచ్చి తుడుస్తూ, "పొంగనియ్యి, మంచిదే. గృహప్రవేశం నాడు మనం పొంగిస్తలేమా?" అంది. ఆ ఇంట్లో నాకు భయం పోయింది ఆ మాటతోనే.

మా ఇంటికి డైనోసార్లు వచ్చింది అక్క కూతురు నిహ పుట్టినరోజుకి. నా భర్త ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆట అది. ఒక్కొక్కరి ముందు పార్కు బొమ్మ వేసిన అట్ట ఉంటుంది. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా గుప్పెడు చెక్క డైనోసార్లు తీసుకోవాలి. ఒకటి మన పార్కులో పెట్టుకుని మిగిలినవి పక్కవాళ్ల చేతిలో పెట్టాలి. ఇటువైపు వాళ్లవి మనకొస్తాయి. పార్కులో ఒక గదిలో అన్నీ ఒకే రకం ఉండాలి, ఇంకోదాంట్లో అన్నీ వేరు వేరు. ఎక్కడా ఇమడనిదాన్ని పక్కన పారే నీళ్లలో వేయాలి. అక్క ఆ గదుల్ని దొడ్లు అంది, నీళ్లను వాగు అంది. ఆ సాయంత్రం నుంచి మా అందరికీ అవే పేర్లు.

"గివి పిల్లలాడేటియి" అన్నాడు బావ, చర్లపల్లిలో డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ.

"పిల్లలాడేటియైతే గెలిసి సూపెట్టు" అంది అక్క.

గెలవలేకపోయాడు. మేమెవరమూ గెలవలేకపోయేవాళ్లం. అక్కకు పొడుగు మెడ డైనోసార్లంటే పిచ్చి. ఒక దొడ్డి నిండా వాటినే నింపేది. మేం ఆమెకు అవి అందకుండా చూడాలని ఎంత తంటాలు పడినా, "ఒక్కటి దాసుకుంటవ్. చేతిల రెండుంటే రెండోది నా దగ్గరికే రావాలె గద" అని నవ్వేది. ఆలోచిస్తున్నప్పుడు పుస్తెలతాడు పళ్ల మధ్య పెట్టుకునేది. నిహ ఏది ఎక్కడ పెట్టాలో తేలక ఏడుపు ముఖం పెడితే, "ఏడ పెట్టాల్నో తెల్వకుంటే వాగుల ఎయ్యి బిడ్డా. వాగుల ఏసినా ఒక్క పాయింటొస్తది" అనేది. ఈ మాట ఆట అయిపోయాక కూడా అనేది. కూర చెడిపోయినా, స్కూల్లో ప్రిన్సిపాల్ తిట్టినా అదే మాట.

ఆ ఆట దగ్గరే జబ్బు మాకు మొదట కనిపించింది. అక్క వేళ్ల సందుల్లోంచి చెక్క బొమ్మలు జారిపోవడం మొదలైంది. ఎర్రని రాకాసి డైనోసార్‌కు ముందు చేతులు పొట్టిగా ఉంటాయి కదా, దాన్ని చూపించి, "నేను గూడ గీని లెక్కనే అయితున్న" అంది. అందరం నవ్వాం. తర్వాత బడిలో సుద్దముక్క జారింది. తర్వాత జాకెట్టు హుక్కులు పెట్టమని పొద్దున్నే నన్ను కేకేయడం మొదలుపెట్టింది. తర్వాత ఎవరమూ నవ్వలేదు.

కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు అన్నారు. మందు లేదన్నారు. బావ ఆ మాట వినలేదు. విన్నాడు కానీ ఒప్పుకోలేదు. ఒక డాక్టర్ చెప్పింది ఇంకో డాక్టర్ కాదనాలని రిపోర్టులు పట్టుకుని దవాఖానాల చుట్టూ తిరిగాడు. లాలాపేట్‌లో నూనెతో రుద్దే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. దర్గాలో తాయెత్తు కట్టించాడు. పక్కింటి మేరీ ఆంటీ వాళ్ల ప్రార్థనకు వెళ్లి, ఎన్నడూ చర్చి గడప తొక్కని మనిషి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. దేనికీ జబ్బు ఆగలేదు. చేతులయ్యాక కాళ్లు, కాళ్లయ్యాక నాలుక.

ఆట మాత్రం ఆగలేదు. అక్క ఆగనివ్వలేదు. నిహ ఒక్కో బొమ్మా ఎత్తి చూపిస్తే తల ఊపేది. మాట ముద్దగా వచ్చినా మాకు అర్థమయ్యేది.

ఒక సాయంత్రం ఆట మధ్యలో బావ వచ్చాడు.

"రేపు పొద్దుగాలకు బండి మాట్లాడిన. బీదర్ అవుతల ఒకాయన పసరు పోస్తడంట. లేవనోళ్లు లేసి నడిసిన్రంట."

"నేన్ రాను" అంది అక్క.

"రావాలె."

"పొద్దంత బండ్ల పండబెట్టి తీస్కపోతవ్. మల్ల గట్లనే తీస్కొస్తవ్. నాకు ఇంట్ల ఉండాలనుంది."

"ఇంట్ల ఉండి ఏం జేస్తవే? గీ బొమ్మలాట ఆడుతవా?"

"ఆడుత" అంది.

బావ బల్ల మీద ఒక్క తోపు తోశాడు. అట్టలు, డైనోసార్లు గది నిండా చెల్లాచెదురయ్యాయి. నిహ గోడకు అంటుకుపోయింది. అక్క అతన్నే చూస్తూ ఉంది. కొంచెంసేపటికి బావ నేల మీదికి దిగాడు. మంచం కింద పాకుతూ, బీరువా సందులో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే ఏరి చొక్కాకు తుడిచి సంచిలో వేశాడు. వెక్కిళ్లు పైకి రాకుండా ఆపుకుంటుంటే అతని వీపు అదిరిపోయింది. అన్నీ ఏరాక బల్ల దగ్గర కూర్చుని, "ఎవరి వంతు?" అని అడిగాడు.

"నీదే డాడీ" అంది నిహ.

బీదర్‌కు వెళ్లలేదు.

తల ఊపడం కూడా పోయాక కళ్లు మిగిలాయి. పైకి చూస్తే అవును, గట్టిగా మూసి తెరిస్తే కాదు. నిహే కనిపెట్టింది ఆ పద్ధతి, ఆట కోసం. ఆ కళ్ల భాష ఆసుపత్రిలో నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఊపిరి అందని రోజు ఉప్పల్‌లో చేర్చాం. గొంతుకు రంధ్రం చేసి ఊపిరి మెషిన్ పెడితే కొంతకాలం బతుకుతుందని, మళ్లీ మెషిన్ తీయడం ఉండదని చెప్పి, "ఆమెకు తెలివి బాగానే ఉంది, ఆమెనే అడగండి" అంది డాక్టరమ్మ. బావకు కన్నీళ్లలో ఏమీ కనిపించడం లేదు. నన్ను ముందుకు నెట్టాడు.

"అక్కా, మెషిన్ పెట్టమంటవా?"

కళ్లు గట్టిగా మూసి తెరిచింది.

"రెప్ప కొట్టింది గంతే. మల్లడుగు" అన్నాడు బావ.

మళ్లీ అడిగాను. మళ్లీ మూసింది.

బావ మంచం ఊచ పట్టుకుని వంగాడు. "నిహ ముఖం సూసన్న ఊ అనవే. నీ కాళ్లు మొక్కుత. ఊ అను."

అక్క అతని ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. అతను ఆశగా ఆమె కనుపాపల్నే చూస్తున్నాడు, పైకి కదులుతాయేమోనని. నేనూ చూస్తున్నాను. కదిలితే బాగుండునని నేనూ అనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

"వద్దంటుంది బావా" అని నేనే చెప్పాలి. చెప్పాను.

ముక్కుకు మాస్కుతో ఇంటికి తెచ్చుకున్నాం. ఒక సాయంత్రం నిహ మంచం మీద అట్టలు పరిచింది. ఆడుతూ ఆడుతూ తన చేతికొచ్చిన పొడుగు మెడదాన్ని, తన దొడ్డికి అది కావలసి ఉండి కూడా, అమ్మ వైపు పంపింది. అక్క కళ్లు మూసింది.

"తీస్కో అమ్మా. నీకిష్టం గద."

మళ్లీ మూసింది. కోపంగా మూసింది. నిహకు అర్థమైంది. ఏడుస్తూనే ఆ బొమ్మను వెనక్కి తీసుకుని తన పార్కులో పెట్టుకుంది. అప్పుడు అక్క పైకి చూసింది. ఆ ఆట నిహ గెలిచింది. అమ్మను గెలవడం దానికి అదే మొదటిసారి. గెలిచి, తల్లి పొట్ట మీద తల పెట్టి, ఎంత లేపినా లేవలేదు.

ఆ వారంలోనే శుక్రవారం వచ్చింది.

దశదినకర్మ అయిన మర్నాడు, మేరీ ఆంటీ వాళ్ల చర్చి నుంచి అక్క కోసం తెచ్చుకున్న చక్రాల కుర్చీ తిరిగి ఇచ్చేయాలన్నాడు బావ. ఆటోలో వేద్దామంటే వినలేదు. తనే తోసుకుంటూ బయలుదేరాడు, పక్కన నేనూ నిహా. మెయిన్ రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సులు హారన్లు కొడుతున్నాయి. స్పీడ్ బ్రేకర్ రాగానే బావ ఆగాడు. ముందు చక్రాలను మెల్లగా పైకి లేపి, కుర్చీని తన గుండెకు ఆనించుకుని, కుదుపు లేకుండా అవతలికి దించాడు. తర్వాత వంగి, ఖాళీ కుర్చీలోకి ఒకసారి చూసి, మళ్లీ తోయడం మొదలుపెట్టాడు.