మూత్రం ఆగుతుందా అని అడిగినందుకు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక రోజు, బెంగళూరు మారతహళ్ళిలో నేను పనిచేసే చీరల దుకాణంలో బేరం మధ్యలో మూత్రానికి లేచాను. ఎంతసేపు నిలబడినా ధార రాలేదు. వచ్చి చీరలు పరిచి చూపించే పరుపు మీద కూర్చోగానే మళ్ళీ లేవాల్సి వచ్చింది. వయసు మీద పడిందని సరిపెట్టుకున్నాను. నా భార్య సుబ్బమ్మ ఊరుకోలేదు, ఆస్పత్రికి లాక్కెళ్ళింది. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్షలో పీఎస్ఏ ఎక్కువగా వచ్చింది. బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది.

మొదట చూసిన సర్జన్ గ్రంథి మొత్తం తీసేయాలన్నాడు.

"తర్వాత మూత్రం ఆగుతుందా సార్?" అన్నాను.

"ప్రాణం కావాలా, పంచె పొడిగా ఉండాలా?" అన్నాడు. జూనియర్లు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"రెండూ కావాల. తడిసే పంచె నీదైతే ఇట్లే మాట్లాడతావా అప్పా?" అని సుబ్బమ్మ రిపోర్టులు లాక్కుని లేచింది.

ఇంకో ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. "మూత్రసంచి మెడ, అదే బ్లాడర్ నెక్‌ను వీలైనంత కాపాడతాను. మూత్రాన్ని బిగబట్టే కండరం స్ఫింక్టర్ దెబ్బతినకుండా, మూత్రనాళం యురెత్రా పొడుగు తగ్గకుండా చూసి, ఆ నాళాన్నీ సంచి మెడనూ కలిపి కుడతాను. క్యాన్సర్ అంటకపోతే గ్రంథికి రెండు పక్కలా ఉండే నరాలూ కోయకుండా వదిలేస్తాను. గ్యారంటీ మాత్రం ఇవ్వను."

ఆ చివరి మాట విన్నాకే ఆమెను నమ్మాను.

అయినా ఆపరేషన్ అయ్యాక, మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం, ఆ కేథటర్ తీసిన రోజు లేచి నిలబడితే కాళ్ళ వెంట కారిపోయింది. తుమ్మినా, దగ్గినా అంతే. ప్యాడ్లు కట్టుకుని పనికి వెళ్తే ఓనరు, "పరుపు మీద వద్దప్పా, గిరాకీలు అసహ్యపడతారు" అని గోడౌన్లోకి తోశాడు. ఆ కోపమంతా డాక్టరమ్మ మీద చూపించాను.

"నన్ను మోసం చేశారు!"

ఆమె గొంతు పెంచలేదు. "ఒక పక్క నరాలకు క్యాన్సర్ అంటింది, తీసేశాను. ఆపరేషన్ రోజే మీకు చెప్పాను. స్ఫింక్టర్ బాగుంది. దానికి పని చెప్పండి."

ఆ కండరాన్ని బిగించి వదలమని ఫిజియోథెరపిస్టు నేర్పిన కెగెల్ వ్యాయామాలు తిట్టుకుంటూనే చేశాను. ముందు రాత్రులు పొడిగా గడిచాయి. ఏడాది తిరిగేసరికి పగళ్ళూ కుదుటపడ్డాయి. ఓనరు మళ్ళీ పరుపు మీదికి పిలిచాడు. వెళ్ళలేదు. ఎదురు దుకాణంలో చేరి, అతని కళ్ళ ముందే చీరలు పరిచాను.

ఇప్పుడు బరువు ఎత్తితే నాలుగు చుక్కలు పడతాయి. ఆ రోజు పల్చటి ప్యాడ్ పెట్టుకుంటాను. పీఎస్ఏ మానకుండా చూపించుకుంటున్నాను.

మీకూ ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే, ఏం మిగులుస్తారు, ఎలా కుడతారు, మీ దగ్గర చేయించుకున్నవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు అని డాక్టరును ముందే అడగండి. కోసిన తర్వాత అడిగితే దొరికేవి సాకులే.