పటాలములో కులాసి

ఎమ్మిగనూరులో మా ఇంటికి ఒక పేరుంది, పటాలమోళ్ల ఇల్లని. లోపలికి వచ్చి చూస్తే రెండు మగ్గాలు, ఒక రాట్నం, ఒక మేనత్త. తుపాకి అనేది దీపావళికి కూడా మా ఇంట్లోకి రాలేదు. అత్త ఒప్పుకునేది కాదు. "నిజం తుపాకి పట్టినోని వంశంరా మనది. నువ్వు రేకు తుపాకి పట్టుకొని వీధిలో తిరుగుతావా?" అనేది. అట్ల చిన్నప్పటి నుంచి వీరత్వం వల్ల నాకు నష్టమే గానీ లాభం లేదు.

ఆ తుపాకి పట్టినాయన మా ముత్తాత, అంటే మా అత్తకు తాత. మొదటి జర్మనీ యుద్ధం కాలంలో ఇంగ్లీషోళ్ల పటాలంలో చేరి ఇరాక్ దిక్కు బస్రాకు పోయినాడు. తిరిగి రాలేదు. ఒక కార్డు మాత్రం వచ్చింది. అత్త దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుని పటాల వెనక పెట్టింది. అందులో మొదటి మాట మా ఇంట్లో పుట్టినోళ్లందరికీ నోటికి వచ్చు: "నేను ఇచ్చట పటాలములో కులాసి." కులాసా అని రాయబోయి కులాసి అని రాసినాడులే, రాసిపెట్టినోడు పెద్దగా చదువుకోలేదేమో అని మేమే సర్దుకున్నాము. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినోణ్ని గదా, ఆ తప్పు మీద నాకు కొంచెం అభిమానం కూడా ఉండేది.

అత్త సంగతి చెప్పాల. ఆమెకు ఆదోనిలో పెళ్లి చేసినారు. మూడేళ్లకు ఒకరోజు మొగుడు చెయ్యి ఎత్తితే ఆ చెయ్యి గాలిలోనే పట్టుకొని, "నేను పటాలమోని మనవరాలిని" అని, చెప్పులేసుకొని బస్సెక్కి వచ్చేసింది. మొగుణ్ని వదిలేసి వచ్చిన ఆడమనిషిని వీధి ఎట్ల మాట్లాడుతుందో మనకు తెలియంది కాదు. మా అత్తను మాత్రం ఎవురూ ఒక్క మాట అనలేదు. అనబోయినోళ్లకు ఆమె ఆ ఒక్క వాక్యమే చెప్పేది. ఎనభై దాటినా ఇప్పటికీ దాని మీదనే నిటారుగా నిలబడుంటుంది.

పోయిన ఏడాది మా వీధి భజన గుడికి మరమ్మతు చేసినారు. పని అయిపోయినాక పెద్దలు అరుగు మీద కూర్చొని, ముందర ఖాళీగా ఉందే, ఏం పెడదామని యోచన చేస్తాండారు. నేను ఊరికే ఉండొచ్చు గదా? "మా ముత్తాత పేరున ఒక రాయి వెయ్యండప్పా. బస్రాలో ఆయనకు సమాధి ఉందో లేదో, ఈడన్నా కాకులు కూర్చోనికి చోటు దొరుకుతుంది" అన్నాను.

ఎవురూ నవ్వలేదు. నా మాటకు వీధిలో నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. అప్పుడే భయపడి ఉండాల్సింది. వీధి పెద్దాయన తల ఊపి, "మంచి మాట చెప్పినావప్పా" అన్నాడు. పదిరోజుల్లో రాయి వచ్చింది. ముత్తాత పేరు, దాని కింద "వీర సైనికుడు" అని చెక్కించినారు. ఆ కింద పటాలం పేరుకని చోటు వదిలినారు. ఆ పేరు కనుక్కొని వచ్చే పని నాకు పడింది.

ఆదోనిలో కోట దిక్కున ఒక సాయిబు సార్ ఉన్నాడు, బడిలో చరిత్ర చెప్పి రిటైరైనాయన. పాత పటాలాల పేర్ల పట్టీలన్నీ కంప్యూటర్లో వెతుకుతాడని ఎవురో చెప్తే పోయినాను. అత్త కార్డును పసుపు గుడ్డతో సహా నా చేతిలో పెట్టి, "బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దు" అని మూడుసార్లు చెప్పింది. సార్ కార్డు ఫోటో తీసుకొని, పేరు, ఊరు రాసుకొని, వారం ఆగి రమ్మన్నాడు.

వారానికి మళ్లా కార్డు తీసుకొని పోయినాను. సార్ టీ తెప్పించినాడు. టీ తెప్పించినాడంటేనే ఏదో తేడా ఉందని తెలుసుకోవాల.

"సిపాయిల పట్టీలో మీవాడు లేడప్పా" అన్నాడు. "ఫాలోయర్ల పట్టీలో ఉండాడు. ఎమ్మిగనూరు, ఆదోని తాలూకా, బళ్ళారి జిల్లా. అప్పుడు మనం బళ్ళారి కింద ఉంటిమి గదా. బస్రాలో జబ్బు చేసి పోయినాడని ఉంది."

"ఫాలోయర్లా? సార్, నాకు ఫోన్లో నలభై మంది లేరు, మా ముత్తాతకు ఆ కాలంలోనే ఫాలోయర్లు ఉండిరా?"

"అరె, ఉండేది కాదప్పా, ఆయనే ఫాలోయరు. పటాలం వెనక పోయేటోళ్లు. నీళ్లు మోసేటోళ్లు, వంటోళ్లు, గాడిదలు తోలేటోళ్లు. వాళ్లకు తుపాకి ఇయ్యరు."

నా నోట్లో టీ అట్లే ఉండిపోయింది. సార్ నా చేతిలోని కార్డు తీసుకొని కిటికీ వెలుతురుకు పట్టినాడు. భూతద్దం పెట్టి ఆ మొదటి మాట చూపించినాడు.

"ఇది కొమ్ము అనుకుంటాండారు మీరు. కొమ్ము కాదు, మడత. కార్డు మడిచిన కాడ గీత పడింది. మడత తీసేసి చదువు."

చదివినాను. ఏడో తరగతి చదువు చాలింది దానికి. కు కాదు, క. నేను ఇచ్చట పటాలములో కలాసి.

"ఖలాసీ అంటే డేరాలు వేసేటోడు. నేసేటోడు గదా, గుడ్డ తెలుసు, తాడు తెలుసు. తీసుకొని ఉంటారు" అన్నాడు సార్. నేను కార్డు తీసుకొని పసుపు గుడ్డలో చుడతాంటే, "తక్కువ పని కాదప్పా అది. ఆ ఎండలో డేరా లేకుంటే సిపాయి కూడా బతకడు" అని మెల్లగా అన్నాడు. ఆయన మంచితనానికి నాకు ఇంకా కష్టమైంది.

పెద్దకడుబూరు మీదుగా పోయే బస్సెక్కినాను. దారి పొడుగునా పత్తి చేన్లు. నాకు మాత్రం తలలో ఆ రాయే. బస్సు దిగి నేరుగా పెద్దాయన కాడికి పోయినాను. రాయి నిలబెట్టకముందే చెప్పాలని.

"పెద్దప్పా, మా ముత్తాత సిపాయి కాదంట. డేరాలు వేసినోడంట."

పెద్దాయన ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వినాడు. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వినారు. "మరి నువ్వేమన్నా తక్కువా? నీ ముత్తాత బస్రాలో షామియానా వేసినాడా! వంటపాత్రలు కూడా అద్దెకిచ్చినాడా?"

"నిజమప్పా. ఒట్టు."

ఒట్టు అనేసరికి ఇంకా నవ్వినారు. ముప్పై ఏండ్లుగా ఆ అరుగు మీద నేను చెప్పిన అబద్ధాలన్నీ నవ్వించడానికే చెప్పినాను, ప్రతిదానికీ ఒట్టు కూడా పెట్టినాను. ఇప్పుడు నిజం చెప్పడానికి వేరే నోరు యాడనుంచి తెచ్చుకునేది?

ఇంటికి వచ్చినాను. అత్త వాకిట్లో రాట్నం ముందర కూర్చొని కండెలు చుడతాంది.

"ఏమన్నాడు మీ సారు? పటాలం పేరు దొరికిందా?"

"తాత పేరు దొరికిందత్తా. తుపాకి దొరకలేదు."

"నా కాడ యేసాలొద్దు. సక్కగా సెప్పు."

చక్కగానే చెప్పినాను. ఫాలోయరు, డేరాలు, మడత, కలాసి. రాట్నం ఆగింది. తుపాకి పోయిందని ఏడుస్తుందేమో, తిడుతుందేమో, కండె విసిరికొడుతుందేమో అని తల కొంచెం పక్కకు కూడా పెట్టుకున్నాను. ఆమె తుపాకి మాటే ఎత్తలేదు.

"అంటే... బాగుండానని రాయలేదా?" అనింది.

నాకు అర్థం కాలేదు.

"కులాసా అని లేదు గదరా అట్లయితే. మా అవ్వ ఆ ఒక్క మాట పట్టుకొని బతికె. నా మొగుడు బాగుండాడంట, రాసినాడు గదా, వస్తాడు అని. సచ్చేదాకా గాజులు తియ్యలేదు ఆమె. నాకు ఆ కార్డు సదివి సదివి ఇనిపించేది. సదువు రాదు ఆమెకు, నోటికి వచ్చిందే సదివినట్టు సెప్పి, మడత మీద యేలు పెట్టి సూపించేది, కులాసా అని."

బస్సులో వచ్చినంతసేపూ నేను తుపాకి గురించే యోచన చేసినాను. ఈ దిక్కు నాకు తట్టనే లేదు. పటాలమోని మనవరాలు అంటే ధైర్యం అనుకున్నాము అందరమూ. ఆమె ధైర్యమంతా, అంత దూరం పోయినోడు అక్కడ బాగున్నాడనే నమ్మకం మీద నిలబడిందని ఎవురికి తెలుసు?

అత్త నా ముంజేయి పట్టుకుంది. మొగుని చెయ్యి గాలిలో పట్టిన చెయ్యి అది, ఇప్పటికీ పట్టు తగ్గలేదు. "నేనుండేదాకా ఈ మాట బయట పడకూడదు. రాయి మీద పడకూడదు, నీ నోట పడకూడదు. నేను పోయినాక నీ ఇష్టం. మాటియ్యి."

ఇచ్చినాను. ఇంకేం చేసేది?

పటాలం పేరు తేకపోతే పెద్దలే "బస్రా పటాలము" అని చెక్కించినారు. రాయి నిలబెట్టిన రోజు నన్ను మాట్లాడమన్నారు. జనమంతా నవ్వడానికి నోళ్లు సిద్ధంగా పెట్టుకొని కూర్చున్నారు. అత్త మొదటి వరసలో ఉంది. "మా ముత్తాత బస్రాకు పోయినాడు. తిరిగి రాలేదు" అని చెప్పి కూర్చున్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువైతే అబద్ధమన్నా అవుతుంది, మాట తప్పడమన్నా అవుతుంది. అందరూ చప్పట్లు కొట్టినారు. గొంతు పూడుకుపోయి మాట్లాడలేకపోయినాడు పాపం అనుకున్నారు. ఇప్పుడు జెండా పండగకు కూడా ఆ రాయి కాడ మాట్లాడనికి నన్నే పిలుస్తాండారు. కడుపునొప్పి అని చెప్పి తప్పించుకుందామంటే, అది కూడా జోకే అనుకుంటారు.

ఈ వానాకాలం అత్తకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు దిగలేదు. గ్లూకోజు ఎక్కించినారు. మధ్యాహ్నం పూట నేను ఆమె పక్కన స్టూలు మీద కూర్చొని, ఆ సీసాలో చుక్కలు చూస్తాండాను. ఉన్నట్టుండి తలలో ఒక మాట వచ్చింది: ఇంక చెప్పొచ్చు.

దానంతట అదే వచ్చింది. నేను పిలవలేదు. ఆదోనికి పోయి సార్ కాడ కాగితం తెచ్చుకోవడం, పెద్దాయన ముందర పెట్టడం, రాయి మీద వీర సైనికుడు అనేది కొట్టేసి కలాసి అని చెక్కించడం, అన్నీ వరసగా కనపడినాయి. ముత్తాతకు ఆయన పని ఆయనకు వస్తుంది. నా నోరు నాకు వస్తుంది. ఎంత హాయిగా అనిపించిందో! దానికంతా ఆ మంచం ఖాళీ కావాలని అప్పుడు తట్టింది. నన్ను పెంచిన మనిషి ఆమె. లేచి నిలబడినాను, మళ్లా కూర్చున్నాను. పోవడానికి చోటు లేదు.

అత్త కండ్లు తెరిచింది. "ఏంరా, మొగం అట్ల పెట్టినావు?"

"ఏం లేదత్తా. జ్వరం దిగింది నీకు."

ఆమె నా మొహం చూస్తానే ఉంది. దిగిందో లేదో నేను చెయ్యి పెట్టి చూడలేదని ఆమెకు తెలుసు. అప్పుడు చెయ్యి పెట్టి చూసినాను. నిజంగానే దిగింది.