నా వంతు తిట్లు భోలూ తిన్నాడు

మా చిన్నప్పుడు... ఉత్తరాదిన ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఒక సాయంత్రం అమ్మ తలుపు తీసి లోపల కాలు పెట్టగానే పాదం తడిసింది. సోఫా పక్కన మడుగు... కూలర్ స్టాండ్ వెనక నక్కి మా కుక్క భోలూ!

మూడేళ్లలో వాడు ఇంట్లో ఒక్క చుక్క పోసి ఎరగడు. అలాంటివాడికి ఆ వారంలో అది నాలుగోసారి.

అమ్మ అప్పుడే కొత్తగా స్కూల్లో టీచరుగా చేరింది. ఐదున్నరకి అలసిపోయి వచ్చి, కొంగు దోపుకుని, పాత పేపర్లు పరిచి, ఫినాయిల్‌తో తుడుచుకునేది. "దున్నపోతులా పెరిగావు, సిగ్గులేదురా?" అని అరిచేది. భోలూ చెవులు వాల్చి, పొట్ట నేలకానించి... నావైపు చూసేవాడు. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని.

"మా ఆఫీసు సెక్షన్‌లో ఒకాయనకి ఫరీదాబాద్‌లో పెద్ద ఇల్లుంది. వీడిని ఆయనకి ఇచ్చేద్దాం," అన్నారు నాన్న.

"ముందు డాక్టరుకి చూపిద్దామండీ. నోరులేని జీవం... ఏ రోగమో ఏమో," అంది అమ్మ.

శనివారం ముగ్గురం వాడిని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. పెద్దాయన డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, పరీక్ష చేయించాడు. "బీమారీ కుఛ్ నహీ," అన్నాడు. ఏ రోగమూ లేదట. తర్వాత కళ్లద్దాలు తీసి, పగలు వీడిని బయటికి ఎవరు తీసుకెళ్తారని అడిగాడు.

"హమారీ బేటీ... దో బజే," అని, రెండింటికి తిప్పేది మా అమ్మాయేనని అమ్మ నన్ను చూపించింది.

నేను భోలూ వెనక్కి జరిగాను.

ఉద్యోగంలో చేరినప్పుడే అమ్మ నా మెడలో తాళంచెవి వేసి ఒకటే పని అప్పజెప్పింది... స్కూలు నుంచి రాగానే భోలూని కిందికి తిప్పడం. మొదట్లో బాగానే చేశాను. తర్వాత కింది ఇంట్లో పింకీ వాళ్లకి వీడియో గేమ్ వచ్చింది. బ్యాగు మా గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి భోలూ లోపలి నుంచి తలుపు గీకేవాడు. నేను మునివేళ్ల మీద మెట్లు దిగిపోయేదాన్ని... అమ్మ వచ్చే ముందు పైకొచ్చి, మడుగు చూడనట్టు పుస్తకం తెరిచేదాన్ని. పొద్దున్న ఏడు నుంచి అంతసేపూ వాడు బిగబట్టుకునేవాడు.

"అమ్మా... నేను తీసుకెళ్లట్లేదు," అన్నాను.

దెబ్బ పడుతుందనుకున్నాను. అమ్మ నన్ను చూడనైనా చూడలేదు. ఆసుపత్రి నేల మీదే కూర్చుని వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "క్షమించరా నాన్నా... ఊరికే తిట్టాను నిన్ను," అంది. ఆ మాటకి నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఇక తిట్టొద్దన్నాడు డాక్టరు. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వెళ్తాడని, వెనిగర్ నీళ్లతో తుడవమన్నాడు. సోమవారం నుంచి రెండింటికల్లా మేమిద్దరం కింద పార్కులో ఉండేవాళ్లం. ఆ తర్వాత కూడా ఒకసారి అదుపు తప్పింది వాడికి. ఈసారి నేనే తుడిచాను, వాడిని ఒక్క మాట అనకుండా. ఫరీదాబాద్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంకో ఎనిమిదేళ్లు మాతోనే ఉన్నాడు.

ఇప్పుడు నేనుండే వైశాలిలో, మా అపార్ట్‌మెంట్ టవర్‌లో కుక్కల్ని తిప్పడానికి మనుషులొస్తారు. అవి ఇంట్లో ఏం చేస్తున్నాయో యజమానులు కెమెరా పెట్టి, ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటారు. అప్పుడే కెమెరా ఉంటే నా దొంగాట మొదటిరోజే బయటపడేది... కానీ అమ్మ ఒక కుక్కని క్షమాపణ అడగడం నేను చూసి ఉండేదాన్ని కాదు.

మీరు చేసినదానికి ఇంకెవరైనా మాటపడ్డారా? చెప్పేయండి... ఇక్కడ ఎవరూ కొట్టరు.