చూడకుండా చదివిన పిల్ల

గంగమణి బీడీలు చుట్టేటప్పుడు చేతుల వైపు చూడదు. వాకిట్లో పోయేవాళ్లను పలకరిస్తుంది, కోళ్లను అదిలిస్తుంది, పక్కింటామెతో పంచాయితీ పెట్టుకుంటుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. వేళ్లు తమంతట తామే ఆకు చుట్టి, కొస మడిచి, దారం కడతాయి. ఆ ఊళ్లో చాట వంక చూస్తూ చుట్టే పిల్లను ఇంకా నేర్చుకుంటోందనే అంటారు. చూడకుండా చుట్టిన రోజున పని వచ్చిందంటారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ బుర్ర వాడలేదు.

నా పేరు కృపారాణి. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఎల్లారెడ్డిలో బస్సెక్కి, నాగిరెడ్డిపేట దారిలో దిగి నడుచుకుంటూ వెళతాను. పదకొండేళ్లుగా చూస్తున్నాను, ఏప్రిల్లో ఇంటికి పంపిన పిల్లలు జూన్‌లో తిరిగి రారు. అవే మొహాలు వస్తాయి, చదువు రాదు. నోరు నొప్పి పుట్టేదాకా చెప్పిన ఒత్తులన్నీ ఎండకు ఎండిపోయి ఉంటాయి. సెలవుల్లో పిల్లలతో ఏమేం చేయించాలో తల్లిదండ్రుల ఫోన్లకు పంపమని ఏటా పైనుంచి ఉత్తర్వు వస్తుంది. గంగమణిది మీటలు నొక్కే ఫోను. అందులో మాటలు తప్ప ఇంకేమీ రావు. ఉత్తర్వు రాసినవాళ్లకు ఇలాంటి ఫోన్లు ఇంకా ఉన్నాయని ఎవరు చెప్పాలి?

ఆమె కూతురు భాగ్యశ్రీకి నాలుగో తరగతి చివర్లో, ఫిబ్రవరిలో, అక్షరాలు కలిశాయి. ఒక సాయంత్రం నాతో రోడ్డు దాకా వచ్చి, బస్సు బోర్డు మీద ‘ఎల్లారెడ్డి’ అని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ రోజు బస్సులో నిలబడి వచ్చినా నాకు కాళ్ల నొప్పి తెలియలేదు.

బడి ఆఖరి రోజున గంగమణి తనే వచ్చింది.

“టీచరమ్మా, సెలవులల్ల దీని సదువు పోకుండ ఏం జెయ్యాలె?”

ఇన్నేళ్లలో ఏ తల్లీ నన్నలా అడగలేదు. ఎందుకు అడుగుతోందో కూడా ఆమే చెప్పింది.

“నేను మూడోది దాక పోయిన. ఎండకాలం మా అవ్వ నా ఒళ్ల చాట వెట్టింది. బడి తెరిచినంక పలక వట్టుకుంటె ఒక్క అక్షరం యాదికి రాలే. సిగ్గయి మల్ల పోలే. ఇది నా లెక్క కావొద్దు.”

బీరువాలోంచి ఒక సన్నని కథల పుస్తకం తీసి ఇచ్చాను.

“రోజూ ఒక పేజీ గట్టిగ చదివించు అక్కా. నువ్వు కూసొని ఇను.”

అంతే చెప్పాను. నాకు బస్సు టైమవుతోంది. బీరువాలో ఇంకా ముప్పై పుస్తకాలున్నాయి. పోతే జవాబు చెప్పుకోవాలని తాళం వేశాను. ఆ తాళం మీద, నా మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మే నెలలో ప్రార్థన కూడికకు ఆ ఊరు వెళ్లినప్పుడు వాళ్లింటి మీదుగా నడిచాను. వీధిలోకే వినిపించింది భాగ్యశ్రీ గొంతు. వాగు, కొంగ, చేపలు. ఎక్కడా తడబాటు లేదు. తల్లి బీడీలు చుడుతోంది, పిల్ల కథ చెబుతూ చుట్టిన వాటి కొసలు మడుస్తోంది. పుస్తకం పక్కన నేల మీద ఉంది, దాని మీద కత్తెర ఉంది.

“ఒక్కనాడు తప్పలే టీచరమ్మా. సదివేటప్పుడు చేతులు ఊకెనే ఉంటున్నయని కొసలు మడవమన్న,” అంది గంగమణి.

పేజీలు ఎగరకుండా కత్తెర పెట్టారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కడుపు నిండినట్టయింది. ఎల్లారెడ్డి వచ్చాక తోటి టీచర్లకు ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు అందరికంటే ముందు వాళ్లిద్దరే వచ్చారు. పిల్ల తలకు నూనె, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

“ఇగ ఇనుండ్రి టీచరమ్మా. నా బిడ్డ పుస్తకం చూడకుండ సదువుతది.”

భాగ్యశ్రీ చేతులు వెనక్కి కట్టుకుని పుస్తకమంతా అప్పజెప్పింది. గంగమణి మొహం వెలిగిపోతోంది. నేను మాత్రం ‘చూడకుండ’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. రెండు నెలలు ఆ తల్లి కాపలా కాసింది దేనికో అప్పుడు తెలిసింది నాకు.

ఐదో తరగతి కొత్త పుస్తకం తెరిచి పిల్ల ముందు పెట్టాను. పేజీని చూసింది, నన్ను చూసింది, తల్లిని చూసింది. సిగ్గుపడుతోందనుకుని గంగమణి అందించింది.

“సదువు బిడ్డ. ‘వాగు ఒడ్డున ఒక కొంగ ఉండేది.’ ఊఁ, సదువు.”

పిల్ల అక్కడినుంచి అందుకుని గడగడా చెప్పుకుపోయింది. తెరిచిన పేజీలో కుమ్మరి బొమ్మ ఉంది.

నేను ఆపలేదు. ఆపాల్సింది. గంగమణి నా మొహం చూసింది, తర్వాత బొమ్మను చూసింది.

“టీచరమ్మా, గిండ్ల కొంగ లేదా?”

“లేదక్కా.”

పాత పుస్తకం తీసి, కొంగ అని ఎక్కడ రాసుందో చూపించమని భాగ్యశ్రీని అడిగాను. పిల్ల కొంగ బొమ్మ మీద వేలు పెట్టింది.

గంగమణి ఆ వేలు వంక చూసింది.

“అక్షరాలు రాకున్న నాకు సుత నోటికొచ్చింది. అప్పుడన్న నాకు తెల్వాలె,” అంది.

“తప్పు నాదక్కా. మల్ల మొదలువెడుదం. ఫిబ్రవరిల వచ్చినట్టే మల్ల వస్తది,” అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. మిగతా పిల్లలతో కలిపి ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే.

“అస్తది కావొచ్చు. ఎండకాలం గూడ మల్ల అస్తది గద టీచరమ్మా,” అంది గంగమణి.

జూలై అంతా భాగ్యశ్రీ వారానికి మూడు రోజులు వచ్చింది. తర్వాత సోమవారాలు వచ్చింది. తోటి పిల్లలు ‘కొంగ’ అని పిలవడం మొదలుపెట్టాక అదీ మానేసింది. దసరా సెలవులయ్యాక పిలుచుకొద్దామని ఇంటికి వెళ్లాను. వాకిట్లో రెండు చాటలున్నాయి.

“బస్సు దొరికిందా టీచర్? కూసోండ్రి,” అంది భాగ్యశ్రీ. నాతో మాట్లాడుతూనే ఉంది. చేతులు ఆగలేదు. ఒక్కసారి కూడా చాట వంక చూడలేదు.

నేను అది గమనించడం గంగమణి చూసింది. తల దించుకుని, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలా, చాటలోకే చూస్తూ బీడీ చుట్టింది.