రూపాయి బిళ్ల నిలిచిన చెయ్యి

సొంత చేతిని కిందికి వదిలేయడం మనిషికి ఎందుకంత కష్టం? స్టీఫెన్ మాస్టారి సంగతి తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్నే ఎదురొస్తుంది. జవాబు ఇప్పటికీ దొరకలేదు.

స్టీఫెన్‌ది మిర్యాలగూడ. చుట్టూ రైస్ మిల్లులు. ఊక దుమ్ము పడకుండా హార్మోనియం మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంచేవాడు. అది తండ్రి యేసయ్యది. మఠంపల్లి వైపు ఊళ్లలో ప్రార్థన కూటాలకు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి ఆయన. విద్య కూడా ఆయనదే. ఎడమ చెయ్యి తిత్తి కొట్టాలి, కుడిచేతి వేళ్లు మెట్ల మీద పరుగెత్తాలి, ఆ చెయ్యి మాత్రం రాయిలా ఉండాలి. అందుకని కొడుకు మణికట్టు మీద రూపాయి బిళ్ల పెట్టి వాయించమనేవాడు. బిళ్ల పడిందా, మొట్టికాయ పడేది.

హార్మోనియానికి అది సరిపోయింది. మెట్టును మెల్లగా తాకినా గట్టిగా నొక్కినా పలికేది ఒకేలా; హెచ్చుతగ్గులన్నీ తిత్తిలో ఉంటాయి. స్టీఫెన్ వాయించే చర్చికి కీబోర్డు వచ్చాక తిత్తి పోయి శబ్దం పెంచే మీట వచ్చింది. ఆయన చెయ్యి మాత్రం మారలేదు. కోదాడలో పిల్లలకు, సూర్యాపేటలో పిల్లలకు బస్సెక్కి వెళ్లి కీబోర్డు పాఠం చెప్పినా జేబులో ఆ బిళ్ల ఉండాల్సిందే. "మాస్టారి పిల్లల చేతులు చూడండి, నీళ్లగ్లాసు పెట్టినా తొణకదు" అని కోదాడ వాళ్లు అంటుంటే లోలోపల మురిసిపోయేవాడు.

సూర్యాపేటలో సింధూజ ఆయన పేరు నిలబెట్టే పిల్ల. ఇంటర్ చదువుతోంది. కూతురి సరదా చూసి జగదీశ్, అరుంధతి హైదరాబాద్ నుంచి పాత పియానో కొని తెచ్చారు. పియానో పరీక్షకు ఫీజు కూడా కట్టారు. పియానో మెట్లు నొక్కడానికి బరువు. నాలుగు రోజులు వాయించేసరికి పిల్ల మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మాస్టారూ, గుంజుతున్నది. ఈడికెల్లి ఈడిదాక."

"నొప్పి లేకుంట విద్యొస్తదా బిడ్డా? మా నాయిన మొట్టికాయలు తింటివా నువ్వు?" అని నవ్వి, స్టీఫెన్ మళ్లీ బిళ్ల పెట్టాడు.

పిల్ల పళ్లు బిగించి వాయించింది. ఆ వారమే దవాఖానలో నరానికి వాపు వచ్చిందన్నారు. ఇలాగే సాగితే పరీక్ష మాట మర్చిపొమ్మన్నారు. అరుంధతి భయపడి, హైదరాబాద్‌లో పియానో నేర్పే మంజులను పిలిపించింది. మంజుల పుట్టిల్లు కోదాడే, అక్కడికి వచ్చి ఉంది. అరుంధతి స్టీఫెన్‌కు కూడా ఫోన్ చేసింది. "మీరు గూడ రండి మాస్టారు. మీ ముందర సూపిస్తె మంచిగుంటది."

శనివారం స్టీఫెన్ వెళ్లేసరికి అరుంధతి వంటింట్లో ఉంది. మంజుల అప్పటికే పియానో దగ్గర కూర్చుని పిల్ల ముంజేతిని కింది నుంచి పట్టుకుంది. స్టీఫెన్ సోఫా అంచున కూర్చున్నాడు.

"బరువంతా నాకిచ్చెయ్. నిద్రలో ఉన్నట్టు" అంది మంజుల. అని తన చెయ్యి టక్కున తీసేసింది.

సింధూజ చెయ్యి పడలేదు. గాలిలో అలాగే నిలిచిపోయింది.

"చూశావా? పడాల్సిన చెయ్యి పడట్లేదు. నీ చేతిని నువ్వే మోస్తా, దాంతోనే వాయిస్తున్నావు. నొప్పి రాకేం చేస్తది? భుజం వదిలేస్తే చేతి బరువే మెట్టును దించుద్ది. వేలు ఆ బరువును ఆపి నిలబడితే చాలు. ఇంతకీ ఇట్లా బిగబట్టమని నీకెవరు చెప్పారమ్మా?"

సింధూజ ఒక్కసారి సోఫా వైపు చూసి తల దించుకుంది.

"యూట్యూబ్‌ల సూసి నేర్చుకున్న మేడం."

"ఏ మహానుభావుడో! పట్టుకుని నాలుగు తన్నాలి వాణ్ని."

స్టీఫెన్ నోరు తెరవాల్సింది అప్పుడే. జేబులో బిళ్లను తడుముకున్నాడు. మంజుల ఇటు తిరిగింది.

"మీరు పాపకేమవుతారండీ?"

"నేనా... గీ ఇంటికి వచ్చిపోయేటోన్ని."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అనిపించింది. సింధూజ తలెత్తలేదు.

"అయితే ఇట్లా రండి బాబాయ్. పాపకు చూపిద్దాం, పెద్దవాళ్ల చెయ్యి ఎట్లా పడుద్దో" అంటూ మంజుల చనువుగా లేచి వచ్చి ఆయన కుడిచేతిని ఎత్తి పట్టుకుంది. స్టీఫెన్ కాదనలేకపోయాడు. పడాలి, పడిపోవాలి అని లోపల వేడుకున్నాడు. ఆమె వదిలేసింది.

చెయ్యి గాలిలో నిలిచింది. మణికట్టు బల్లపరుపుగా ఉంది, బిళ్ల పెడితే జారనంతగా. దించాలని చూసినా ఏ నరాన్ని వదలాలో ఆయనకు తెలియలేదు.

మంజుల ఆ చేతిని చూసింది. తర్వాత సింధూజ చేతిని చూసింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"క్షమించండి మాస్టారూ" అంది మెల్లగా.

ఆమె ఇంకో నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

మంజుల పియానో వైపు తిరిగి, పిల్ల చేతిని పైకెత్తించి మెత్తగా జారవిడవమంది. రెండుసార్లు ఉత్తుత్తిగా పడింది. మూడోసారి భుజం నుంచి బరువు దిగింది. గంట కొట్టినట్టు, కానీ మెత్తగా, నిండుగా ఒక స్వరం ఇల్లంతా పరుచుకుంది. ఇన్నేళ్లలో స్టీఫెన్ వేళ్ల కింద అలాంటిది ఒక్కటీ పలకలేదు.

"నొస్తలేదు మేడం!" అంది సింధూజ. ఆ సంతోషంలో సోఫా వైపు చూడబోయి, ఆగిపోయింది.

తనను కాపాడడానికి అబద్ధమాడిన పిల్ల ఇప్పుడు తన ముందు సంతోషపడడానికి కూడా జంకుతోంది. అది చూశాక స్టీఫెన్ ఇక కూర్చోలేకపోయాడు. వాళ్లు మళ్లీ మెట్ల వైపు వంగగానే లేచాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే జేబులో బిళ్ల చిల్లరకు తగిలి గల్లుమంది. దాన్ని తీసి గుప్పిట్లో నొక్కిపట్టాడు.

లోపల అరుంధతి గొంతు వినిపించింది. "సింధూ, మాస్టారేరి? చాయ్ తెచ్చిన."

గేటు చప్పుడు కాకుండా తీసి, మిర్యాలగూడ బస్సు కోసం నడిచాడు. వెనక పియానో మళ్లీ పలికింది. గుప్పిట మాత్రం వదలలేదు.